విప్పిన కట్టు

పెరట్లో పొయ్యి మీద తైలం మాడిపోయింది.

పక్కనే కుర్చీలో కూర్చున్న పెద్ద వైద్యుడు కదల్లేదు. దూరాన కుళాయి దగ్గర గుడ్డలు ఉతుకుతున్న ముసలామె పరుగెత్తుకొచ్చి, తడిగుడ్డతో గిన్నె దించేసింది.

కిటికీలోంచి చూసిన చిన్న వైద్యుడికి తండ్రి మీద జాలేసింది. ఎందరి కీళ్లకో కదలిక తెచ్చిన మనిషి, ఇప్పుడు తన కీళ్లు బిగుసుకుపోయి పొయ్యి దాకా కూడా లేవలేకపోతున్నాడు అనుకున్నాడు.

పెద్ద వైద్యుడంటే మొండి పుండ్లకు కూడా హడలని జనం అనేవారు. అందరూ నాడి చూస్తే, ఆయన కట్టు చూసేవాడు. పుండు మీంచి విప్పిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

"రేపు రా, చెప్తాను" అనేవాడు.

"ఇప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"పుండుతో మాట్లాడాలయ్యా. దానికి టైమ్ పడుతుంది" అని నవ్వేవాడు.

మర్నాడు "మానుతుంది" అంటే మానేది. "నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి వెళ్లు" అంటే మారుమాట లేకుండా వెళ్లేవారు. ఆ ముక్కు మీద అంత గురి.

చేతివేళ్లు కూడా వంకర్లు పోయాక ఆయన కుర్చీ పెరట్లోకి మారింది. లోపలి కుర్చీలోకి కొడుకు వచ్చాడు. వెనక గోడకు కాలేజీ పట్టా తగిలించాడు.

అతనికి అక్కడ నచ్చనిది ఒక్కటే, గుడ్డలమ్మ. పుండ్ల గుడ్డలు ఉతుకుతుంది కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. ఉతికే ముందు ప్రతి కట్టూ ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఏంటా పాడు పని? జనం చూస్తున్నారు."

"అలవాటైపోయింది చిన్నయ్యగారూ."

"నాన్నను చూసి నేర్చుకున్నావా?"

ఆమె నవ్వి బకెట్టు ఎత్తుకుంది.

అప్పుడే దర్జీ వచ్చాడు. చీలమండ పైన ఎనిమిదేళ్లుగా మానని పుండు.

"ఈ కాలు తొక్కితేనే మిషను తిరుగుతుంది బాబూ. అది తిరిగితేనే ఇంట్లో నలుగురం తినేది. ఎలాగైనా నిలబెట్టండి" అన్నాడు.

చిన్న వైద్యుడు నిజంగానే కష్టపడ్డాడు. రోజూ కషాయంతో కడిగాడు, తైలం వేసి కట్టు కట్టాడు. మూడు వారాల్లో పుండు ఎర్రబడి గోరంత అయింది. గోడకు పెట్టుకోవడానికి ఫోటో కూడా తీశాడు.

"ఇంకో వారం. మూసుకుపోతుంది."

దర్జీ దణ్ణం పెట్టబోతుండగా గుడ్డలమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో అప్పుడే విప్పిన కట్టు.

"దాన్ని మూసుకోనివ్వకండి చిన్నయ్యగారూ. పైకి బాగుంది గానీ లోపల ఎముక కుళ్లుతోంది. ఇవాళే పెద్దాసుపత్రికి పంపండి."

దర్జీ ముఖం పాలిపోయింది. గది నిండా జనం.

"నువ్వు వైద్యురాలివా?" అన్నాడు చిన్న వైద్యుడు.

"కాదు బాబూ. గుడ్డలు ఉతికేదాన్ని."

"అయితే వెళ్లి ఉతుకు."

అందరూ నవ్వారు. ధైర్యం తెచ్చుకోవడానికి దర్జీ కూడా నవ్వాడు.

"ఒక్కసారి పెద్దయ్యగారితో..."

"ఆయన్ని విసిగించావంటే ఊరుకోను. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె, పెరట్లో కుర్చీలో కునుకు తీస్తున్న పెద్ద వైద్యుణ్ణి లేపకుండా, ఆ కట్టు ఉతికి, పిండి, తీగ మీద ఆరేసి మరీ వెళ్లింది.

"కూతురి దగ్గరికి వెళ్లిపోయింది" అని తండ్రికి చెప్పాడు. ఆయన ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే "వచ్చిందా?" అని అడగడం మాత్రం మానలేదు.

వారంలో పుండు మూసుకుంది. ఇంకో పది రోజులకు కాలు మోకాలి దాకా వాచింది. ఒళ్లు కాలిపోయే జ్వరం. మూసుకున్న పుండు లోపలే ఎముక కుళ్లిపోయిందని, కాస్త ముందుగా తెస్తే కాలు దక్కేదని పెద్దాసుపత్రిలో అన్నారు. మోకాలి కింద తీసేశారు.

దర్జీ భార్య వచ్చింది. తిడుతుందేమోనని చిన్న వైద్యుడు తల దించుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సగం మిగిలిన తైలం సీసా బల్ల మీద పెట్టింది.

"పారేయబుద్ధి కాలేదు బాబూ. కాలున్నవాళ్లకెవరికైనా ఇవ్వండి."

అతను ఆ రోజే గుడ్డలమ్మ ఉండే గదికి పరుగెత్తాడు. తాళం వేసి ఉంది. ఆమె కూతురి ఇల్లెక్కడని పక్కింట్లో అడిగాడు.

"కూతురా? ఆవిడకి ఎవరూ లేరే. సామాను సర్దుకుని ఎటో వెళ్లిపోయింది" అంది పక్కింటావిడ.

తిరిగొచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. దర్జీ కాలు పోయిన సంగతి చెప్పి ఏడ్చాడు.

"ఆ కట్టు ఒక్కసారి నీ ముక్కు దగ్గర పెట్టినా దర్జీ కాలు దక్కేది నాన్నా! ఆ విద్య నాకెందుకు నేర్పలేదు?"

పెద్దాయన పొయ్యి మీంచి చూపు కొడుకు వైపు తిప్పాడు.

"ఆ కట్టు చూసి గుడ్డలమ్మ ఏమంది?"

"ఎముక కుళ్లుతోందంది."

"నువ్వేమన్నావు?"

"అందరి ముందూ నవ్వి, పొమ్మన్నాను."

ఆయన వంకర వేళ్లతో ముఖం కప్పుకున్నాడు.

"నువ్వు బళ్లో చదివే రోజుల్లో విషజ్వరం వచ్చి నా ముక్కు చచ్చిపోయిందిరా, పేరు పోతుందని ఎవరికీ చెప్పలేదు గానీ, అప్పట్నుంచి నేను మర్నాడు చెప్పిన ప్రతి మాటా, ముందురోజు ఈ పెరట్లో ఆవిడ చెప్పిందే."