తెల్ల ప్లేట్లు

"ఏమే భీమమ్మా, నా ప్లేటు గూడా కడిగిపెట్టు."

రామసుబ్బమ్మ మాటకు వంటగదిలో నవ్వులు ఆగిపోయాయి. నార్వేలో కోయిలకుంట్ల కోలాటం జట్టుకు ఆ సాయంత్రం మోగిన చప్పట్లలో సగం భీమమ్మ పాటకే. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్లే కడగడం ఆ బసలో పద్ధతి.

భీమమ్మ సింకు దగ్గర నుంచి తల తిప్పలేదు. "నాతో కాదు రెడ్డెమ్మా."

"తెల్లోళ్లు నాలుగు చప్పట్లు కొట్టేసరికి పొగరెక్కినాదా?"

"ఇన్నేండ్లు మీ వసారాలో కూచోని మీకు పాటలు నేర్పిస్తి. ఒక్కపొద్దన్నా నీ గిన్నె ముట్టనిచ్చినావా? నేను తినే తట్ట చూర్లో పెట్టి, నన్నే కడుక్కోమంటివి. ఆడ మైలపడేది ఈడ పడదా?"

"ఊరికి పోనీ, చెప్తా నీ కత."

"చెప్పు. రేపు ఆటకు పాట ఎవరు ఎత్తుకుంటారో అది గూడా చెప్పు."

భీమమ్మ తన ప్లేటు తుడిచి, అరలోని ప్లేట్ల మధ్యలోకి తోసి వెళ్లిపోయింది.

రామసుబ్బమ్మ కుళాయి విసురుగా తిప్పింది. కడిగిన ప్లేటు పట్టుకుని అర దగ్గరికి వచ్చి, భీమమ్మ పెట్టినదాన్ని వేరుగా తీసి పెట్టాలని చూసింది. అన్నీ తెల్లవే, అన్నీ ఒక్క తీరువే.

వచ్చిన రోజు నుంచీ తాను తింటున్నది ఈ అరలోని ప్లేట్లలోనే.

చేతిలోని ప్లేటు నుంచి నీళ్లు ఆమె పట్టుచీర మీద కారుతున్నాయి.