అదే నిమిషంలో జవాబు

భర్త రాఘవేందర్ పనిచేసే ధరూర్ విత్తనాల గోదాంలో ఫోన్ అందదు, ఆఫీసు మెయిలే దిక్కు. అందుకే సునంద గద్వాల దవాఖాన నుంచి అతనికి మెయిల్ పెట్టింది. "కడుపుల బిడ్డ గుండె కొట్టుకుంటలేదంట. జల్ది రా."

అదే నిమిషంలో జవాబొచ్చింది. "చూసిన. సాయంత్రంలోపు చేస్త."

సునంద దాన్ని రెండోసారి చదవలేదు. ఆ మాటలు తను రాసినవే. పత్తి విత్తనాల ఏజెంట్ల మెయిళ్లతో అతను వేగలేకపోతుంటే, వాళ్లకు కంప్యూటరే జవాబిచ్చేలా తనే మాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాసిచ్చింది.

నర్సు అడిగింది. "మీ ఆయన వస్తుండా అమ్మా?"

"చూసిండంట," అంది సునంద.

ఆ మాక్రో అందరికీ జవాబివ్వదు, లిస్టులో పేరున్నవాళ్లకే ఇస్తుంది. రాసిచ్చిన రోజు అతనికి తనే నేర్పింది: "ఎవరితోని విసుగొస్తే వాళ్ల పేరు లిస్టుల నువ్వే ఎక్కించుకో."