డెబ్బై ఎనిమిది ఎలా వచ్చింది?

"అయితే గుంటని కాఫీ పళ్ళు ఏరడానికే ఇంటికాడ ఉంచేత్తావన్నమాట!" అన్నాడు ధనుంజయ్.

"పళ్ళకని నానన్నానా? ఇంటికాడుంటే బాగా సదువుతాది. అదే అన్నాను." స్వర్ణ తలెత్తలేదు. కింద పరిచిన బరకం మీద పోసిన కాఫీ పళ్ళలోంచి పచ్చివి ఏరి పక్కన పడేస్తోంది.

"మూడ్రోజులుగా అదే మాట. క్లాసులో ఆడపిల్లలందరూ హాస్టల్లో ఉన్నారు. మన సోనొక్కతే రోజూ కొండెక్కి ఇంటికొత్తాది. మార్చిలో పది పరీక్షలు. ఏ తల్లైనా ఇలా సేత్తాదా?"

"హాస్టల్లో ఉన్నోళ్ళకి సైన్సులో డెబ్బయ్యెనిమిది ఎవలికొచ్చింది?"

సోని మార్కులొచ్చిన పది రోజులుగా ధనుంజయ్‌కి అర్థంకానిది అదే. నిరుడు తొమ్మిదో తరగతిలో, హాస్టల్లో ఉన్నప్పుడు, సోనికి సైన్సులో వచ్చినవి ముప్పై రెండు. పిల్ల చిక్కిపోయిందని జూన్‌లో స్వర్ణే పట్టుబట్టి ఇంటికి తెచ్చేసింది. ఇల్లు చూస్తే ఇంతే. ట్యూషన్ లేదు. కరెంటు ఉన్నప్పుడు ఉంటుంది. పైగా సాయంత్రమైతే తల్లి పక్కన కూర్చుని కాఫీ పళ్ళు ఏరాలి. మరి మార్కులెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?

"దానికంత ఆలోసనేటి?" వాకిట్లో రాగులు చెరుగుతున్న సోములమ్మ కొడుకు కేసి చూసింది. "నిరుడు దేవతకి పెట్టే కొత్తల పండగ కాకముందే బళ్ళో సిక్కుడుకాయ కూర పెట్టీసినారు, ఇది తినీసింది. దేవతకి కోపం రాదా? ఈ ఏడు పండగయ్యేదాకా ముట్టలేదు. సూడు మరి!"

"సిక్కుడుకాయకీ సైన్సుకీ ఏటే అమ్మా?"

"నీకు తెలిస్తే నువ్వే సెప్పు!"

ఇంతలో దేవీప్రసాద్ మాస్టారు బండి ఆపి, చేతిలో కాగితాల కట్టతో లోపలికొచ్చారు. డుంబ్రిగుడ బడిలో సోనికి సైన్సు చెప్పేది ఆయనే. పిల్లని హాస్టల్‌కి పంపమని ధనుంజయ్‌కి కబురంపిందీ ఆయనే.

"పాత మాటకి రాలేదయ్యా, కొత్త పని మీదొచ్చాను," అన్నారు మంచం మీద కూర్చుంటూ. "పిల్లలు ఎందుకు బాగా చదువుతున్నారో, ఎందుకు వెనకబడుతున్నారో ఇంటింటికీ వెళ్ళి రాయమన్నారు పైవాళ్ళు. ముందు మీ ఇల్లే. సోని మార్కుల మిస్టరీ తేలకపోతే నాకు అన్నం సయించేలా లేదు."

ప్రశ్నలు మొదలయ్యాయి. చదువుకోవడానికి వేరే గది? లేదు. ఉదయం ఏం తింటుంది? అంబలి. ఫోన్ చూస్తుందా?

"సిగ్నలుంటే కదా మాస్టారూ," అంది సోని నవ్వుతూ, నీళ్ళ గ్లాసు అందిస్తూ.

"రోజూ పొద్దున్నే స్టాఫ్ రూమ్ కొచ్చి ప్రశ్నలడిగే పిల్లవి నువ్వొక్కదానివే. నిన్న 'పుటాకార దర్పణంలో మొహం తలకిందులెందుకవుతుంది' అన్నావు. అన్ని ప్రశ్నలు నీకెలా పుడతాయే?"

"నాకు పుట్టవు మాస్టారూ. అమ్మ అడుగుతాది."

"అమ్మా?"

"సాయంత్రం పళ్ళు ఏరతా ఆ రోజు పాఠమంతా సెప్పాల. పుస్తకం తెలుగులో సెప్తే ఊరుకోదు, మన మాటలో సెప్పమంటాది. 'నాకేటీ తెలీదనుకో, మొదట్నుంచి సెప్పు' అంటాది. అద్దంలా గరిటె తిప్పి మొహం సూపించినాను. 'ఇటు దగ్గరకి తెస్తే నిటారుగా ఉంది, దూరమెడితే తిరగబడింది, ఏటీ?' అంది. నాకు రాలేదు. మర్నాడు మిమ్మల్నడిగి వచ్చేదాకా అన్నం పెట్టేటప్పుడు కూడా అదే గోల!"

మాస్టారు కళ్ళజోడు తీసి స్వర్ణ కేసి చూశారు. ధనుంజయ్ కూడా అప్పుడే పెళ్ళాన్ని కొత్తగా చూశాడు. పిల్లని ఇంట్లో ఉంచింది కాఫీ పని కోసమనుకున్నాడు తను. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, పదో తరగతి పిల్లకి రోజూ పరీక్ష పెడుతోందన్నమాట!

"చూశావా ధనుంజయ్?" మాస్టారి గొంతు పెరిగింది. "హాస్టల్లో పుస్తకం ముందు పెట్టుకుని బట్టీ పడుతున్నారు. ఇక్కడ తన మాటలో ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పలేకపోతే అర్థం కానట్టే, వచ్చి నన్నడగాలి. నేను పద్దెనిమిదేళ్ళుగా చేయలేనిది మీ ఆవిడ చేస్తోంది. పిల్లని కదపొద్దు. ఇక్కడే ఉంచు."

"ఉంచుతాను మాస్టారూ," అన్నాడు ధనుంజయ్. భార్య వైపు తిరిగి, "ముందే సెప్తే ఇంత గొడవెందుకు?" అన్నాడు.

స్వర్ణ పరధ్యానంగా పచ్చి కాయలు దోసిట్లోకి తీసి, మళ్ళీ బరకం మీదే పోసేసింది.

మాస్టారు పెన్ను తీశారు. "'ఇంట్లో చదివించేది ఎవరు?' తల్లి, స్వర్ణ. సరేనా?"

"నా పేరు రాయకండి మాస్టారూ."

"సిగ్గెందుకమ్మా? నలుగురు తల్లులకి తెలిస్తే మంచిదేగా."

"సిగ్గు కాదు. సోని పేరు రాయండి."

"సదివించేది ఎవలని కదే అడిగినారు!" అన్నాడు ధనుంజయ్. సోములమ్మ చేట దించింది.

స్వర్ణ చేతులు చీరకి తుడుచుకుని, అందరి వైపూ ఒకసారి చూసి, నెమ్మదిగా అంది.

"మార్చిలో నానూ ఓపెన్ స్కూల్లో పది రాత్తన్నాను."