శివారు పోర్టు

సరిగ్గా ఆరుంపావుకి ఎనిమిదో చెరువు మళ్లీ మాయమైపోయింది.

చెరువంటే చెరువు కాదు. అదెక్కడికి పోతుంది? రొయ్యలతో సహా కళ్లెదుటే ఉంది. పోయింది హరిబాబు లాప్‌టాప్‌లో ఆ చెరువు తాలూకు అంకె.

నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో హరిబాబు కొత్తగా బిగించిన మిషన్ చెప్పే అంకె అది. తగ్గితే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరగాలి. అసలు అంకే లేకపోతే ఏరేటర్లకి చెప్పేదెవరు? తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలతాయి.

ఇది నాలుగో సాయంత్రం.

మొదటి మూడు రోజులూ వాచ్‌మన్ ఎవరో చూసుకుని చేత్తో ఏరేటర్లు వేశాడట. చెరువుల యజమాని పల్లంరాజుగారు పొద్దున్నే ఫోన్లో పెట్టిన చీవాట్లలో హరిబాబుకి ఆ సంగతి తెలిసింది.

"ఇవాళొక్క రోజు చూస్తానయ్యా. ఆగిపోయిందా, రేపు నీ సామాను నువ్వు పట్టుకుపో" అన్నారాయన.

మొగల్తూరు చుట్టుపక్కల రైతుల కళ్లన్నీ ఈ చెరువుల మీదే ఉన్నాయి. ఇక్కడ నిలబడితే పది మంది పిలుస్తారు. ఇక్కడ పీకేస్తే నరసాపురంలో మొన్న మొన్న తెరిచిన కొట్టుకి తాళమే. హరిబాబుకి ఏడుపొక్కటే తక్కువ.

వైరు మార్చాడు. పెట్టె మార్చాడు. కనెక్టర్లు మళ్లీ కొట్టాడు. పగలంతా బంగారంలా పనిచేస్తుంది. దీపాలు పెట్టే వేళకి చస్తుంది.

"ఏంటి బాబూ, మళ్లీ పోయిందా?"

షెడ్డు గుమ్మంలో ఒక పెద్దాయన. చంకలో చుట్టిన దుప్పటి, చేతిలో టార్చిలైటు. మధ్యాహ్నం నుంచీ బయట మేత బస్తాల మీద కూర్చునే ఉన్నాడు. ఆటో కోసం చూస్తున్న కూలీ అనుకున్నాడు హరిబాబు.

"పోయింది. మీకు చెప్పినా అర్థం కాదులెండి."

"ఆయ్" అన్నాడాయన. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. చెరువు వంక చూశాడు. తర్వాత లోపలికొచ్చాడు.

"చెరువు కాడున్న పెట్టెలకి కరెంటు ఎక్కణ్ణించి వస్తాదండి?"

హరిబాబు విసుగ్గా గోడకి బిగించిన నెట్‌వర్క్ స్విచ్ చూపించాడు. పదహారు పోర్టులు, పదహారు వైర్లు.

"కరెంటూ ఇందులోంచే, కబురూ ఇందులోంచే. రెండూ ఒకే వైరులో పోతాయి."

"అంటే అన్నిటికీ కలిపి ఒకటే కాలవా?"

"అలాగే అనుకోండి. నూట ఇరవై వాట్లుంది. అందరూ పంచుకోవాలి."

"ఎగువన ఎవరున్నారు?"

"కెమెరాలు. రాజుగారు భీమవరంలో కూర్చుని చూసుకోవాలి కదా, మొదటి ఎనిమిది పోర్టులూ వాటికే. తర్వాత చెరువులు. ఎనిమిదో చెరువు చిట్టచివర."

"చీకటి పడగానే కెమెరాల్లో ఎర్రగా దీపాలెలుగుతాయండి. అప్పుడవి కరెంటు ఎక్కువ తాగవా?"

మౌసు మీద హరిబాబు చెయ్యి ఆగిపోయింది.

"మాది కాలవ శివారు చేనండి" అన్నాడు పెద్దాయన. "ఎగువోళ్లు తూములెత్తేరంటే మాకు చుక్క రాదు. చేలోకొచ్చే బోదె బాగానే ఉంటాది. నీళ్లే ఉండవు. తమరేమో నాలుగు రోజులబట్టి బోదె తవ్వుతున్నారు."

హరిబాబు గబగబా స్విచ్ సెట్టింగులు తెరిచాడు. కరెంటు పంపకం పేజీ ఇన్నాళ్లూ తిప్పి చూసిన పాపాన పోలేదు. పదహారు పోర్టులకీ ఒకటే ప్రాధాన్యం. అందరూ సమానమైనప్పుడు, చాలకపోతే చివరివాడికి కోత. పదహారో పోర్టు ఎదురుగా ఎర్ర గుర్తు వెక్కిరిస్తోంది.

తనని తాను నాలుగు తిట్టుకున్నాడు.

"మీ శివారుకి మరి నీళ్లెలా ఇస్తారు పెద్దాయనా?"

"కాలవ కాపలా లస్కరొచ్చి వంతు పెడతాడండి. ముందు శివారుకి, తర్వాతే ఎగువకి."

హరిబాబు ఎనిమిది చెరువుల పోర్టులకీ 'క్రిటికల్' అని అన్నిటికన్నా పై ప్రాధాన్యం పెట్టాడు. కెమెరాలని అడుక్కి దించాడు.

"పెద్ద స్విచ్ తెచ్చేదాకా ఒక కెమెరా ఆపాలి. ఏది ఆపితే రాజుగారు తిట్టరంటారు?"

పెద్దాయన ఆలోచించనైనా లేదు.

"వాచ్‌మన్ పాక మీద ఒకటుంది. పడుకుంటున్నాడేమోనని పెట్టింది. అది ఆపెయ్యండి. ఇంక అక్కడ చూడ్డానికేం లేదు."

ఆపేశాడు. సేవ్ నొక్కాడు.

ఎనిమిదో చెరువు అంకె వచ్చింది. ఆరు. నిలబడింది. ఏడున్నరకి ఐదుకి దిగింది. దిగగానే బయట ఒక్కసారిగా నీళ్ల చప్పుడు.

"నాలుగు ఏరేటర్లూ తిరుగుతున్నాయండి" అన్నాడు పెద్దాయన, చూడకుండానే.

గుండెల మీంచి బండ దించినట్టైంది హరిబాబుకి. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. పేరడగాలని కూడా తోచలేదు.

"మంచి మిషనండి. కునుకు తియ్యదు" అన్నాడు పెద్దాయన. టార్చి బల్ల మీద పెట్టాడు. "ఇది రాజుగారిది. ఇచ్చెయ్యండి."

దుప్పటి సర్దుకుని గట్టు మీదుగా వెళ్లిపోయాడు.

హరిబాబు ఫోన్ కొట్టాడు.

"నిలబడిందండి రాజుగారూ!"

"ఫోన్లో చూశానయ్యా. సంతోషం. రేపు మా బావమరిది చెరువులు కూడా చూద్దువుగాని. పాక కెమెరా రావట్లేదేం?"

"ఎవరో పెద్దాయన చెబితే ఆపానండి. అసలు తప్పెక్కడుందో చెప్పిందీ ఆయనే. మీ టార్చి ఇచ్చి వెళ్లాడు."



"చిట్టియ్య. పదకొండేళ్లుగా మా వాచ్‌మన్" అన్నారు రాజుగారు నెమ్మదిగా. "మిషన్ నిలబడితే టార్చి అప్పజెప్పి వెళ్లిపో, ఇవాళ కూడా ఆగిపోతే నీ పని నీకుంటుందని పొద్దున్నే చెప్పానయ్యా వాడికి."