గేమ్‌లో కీర్తిప్రియ

"ఒక్కసారి ఇటు రా. గేమ్‌ల నిన్ను తయారు చేసిన," అని మనీష్ పిలిచాడు.

పురానాపూల్ నుంచి వచ్చిన చుట్టాలకు అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, అప్పుడే నడుం వాల్చబోతున్న కీర్తిప్రియ వచ్చి భర్త పక్కన కూలబడింది. తెరమీద నలుగురు యోధులున్నారు. అందరికంటే వెనక నిలబడ్డ మనిషికి తన పేరే, తన జడే.

"ఏం చేస్తదీమె?"

"అందరి గాయాలు మాన్పుతది. ఎంత తిప్పినా ఫికర్ లేదు, అలిసిపోదు."

"ఏమన్న మాట్లాడుతదా?"

"మనం చేసుకున్నోళ్లు మాట్లాడరు. గేమోళ్లు రాసిపెట్టినోళ్లే మాట్లాడతరు. గాళ్లతోని మస్తు లొల్లి. ఈ జాగల ముందుగాల ఒకామె ఉండె. నేను గేమ్‌ల ఊరోళ్లను మోసం చేసిన్నని తిట్టి, ఇడిశిపెట్టి పోయింది. అందుకే నిన్ను పెట్టుకున్న."

కీర్తిప్రియ నవ్వలేదు. తన జడ వేసుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తూ ఉండిపోయింది.

"కీర్తీ, చాయ్ పెట్టు!" లోపలి గదిలోంచి అత్త విమలాదేవి కేకేసింది.

అలవాటుగా లేవబోయి, ఆమె మళ్లీ కూర్చుంది.

"ఇయ్యాల నాతోని కాదు. నువ్వు పెట్టు," అంది భర్తతో.

పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆమె కాదనడం అదే మొదటిసారి. మనీష్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆట ఆపి, వంటింట్లోకి నడిచాడు. డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడైంది.

"చాయ్‌పత్తి ఏడుంది?"

"ఎతుక్కో," అంది కీర్తిప్రియ, కళ్లు మూసుకుని.