మోతి బువ్వ

"పక్క బొక్కలు పైకి తేలినయ్, లెక్కపెట్టొచ్చు టీచరమ్మా. ఏం పెడ్తున్నరు దీనికి?"

కోస్గి పశువుల దవాఖానలో బల్ల మీద నిలబెట్టిన మోతి పొట్ట నొక్కి చూస్తూ అడిగాడు డాక్టర్ మక్సూద్.

"రోజూ పావుకిలో మటన్, రెండు గుడ్లు డాక్టర్ సాబ్. ఉప్పు కారం లేకుంట ఉడకబెట్టి, అన్నంల కలిపి పెడ్తం. నా బిడ్డకు గూడ గంత పెట్టలే" అంది రూతమ్మ.

"పెట్టేది మీరేనా?"

"నేను బడికి పోత గద. మా జానమ్మ వండి మధ్యాహ్నం పెడ్తది."

మోతి గొలుసు పట్టుకుని నిలబడ్డ పనిమనిషి జానమ్మ తల దించుకుని కుక్క వీపు నిమిరింది.

"కడుపుల నట్టలకు మందు రెండుసార్లిచ్చిన. రోగమేం కనబడ్తలేదు. ఇంటి బువ్వ దీనికి ఒంటబడ్తలేదనుకుంట" అన్నాడు డాక్టర్. "హైదరాబాదుల కుక్కలకనే చేసిన మేత అమ్ముతున్నరు. ఎండు గోలీలు, శనగలంత ఉంటయ్. ఒక సంచి తెప్పియ్యుండ్రి. అదొక్కటే పెట్టి చూడుండ్రి."

"వద్దు మేడమ్!" జానమ్మ గబుక్కున అంది. "ఎండు గోలీలు తిని నోరులేని జీవి ఎట్ల బతుకుతది? వేడివేడిగ నేనే వండి పెడ్త. ఇంకింత మంచిగ వండుత."

డాక్టర్ నవ్వాడు. రూతమ్మ నవ్వలేకపోయింది. మోతి ఆమె భర్త దేవదానం తెచ్చిన కుక్క. పోస్టాఫీసు నుంచి వస్తూ ఓ సాయంత్రం చొక్కాలో దాచుకుని తెచ్చాడు. కిందటేడు ఆయన పోయినప్పుడు రెండు రోజులు గేటు దగ్గర నుంచి కదలలేదది. బిడ్డ పెళ్లయి బళ్లారిలో ఉంది. ఆయన జ్ఞాపకమంటూ ఇంట్లో ప్రాణంతో మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని రూతమ్మ భయం.

ఇంటికి నడుస్తూ మాట మార్చడానికన్నట్టు అడిగింది. "జానయ్య ఎట్లున్నడే?"

జానమ్మ మొగుడు ఎక్కడో డ్యాము పనికి పోయి దగ్గుతో తిరిగొచ్చాడు. ఆరు నెలలుగా మందులు మింగుతున్నాడు.

"ఇప్పుడు జర నయమే మేడమ్. లేచి వాకిట్ల తిరుగుతున్నడు."

ఆ ఆదివారం రూతమ్మ ఇంట్లోనే ఉంది. జానమ్మ గిన్నె పెట్టీ పెట్టగానే మోతి మీదపడి మింగింది. ఖాళీ గిన్నెను గోడదాకా తోసుకుంటూ పోయి నాకింది.

"చూసిండ్రా మేడమ్, ఎట్ల తింటాందో! నా చేతి బువ్వంటే పాణం దానికి."

"మరి ఇంత తిన్నా బక్కగైతాందేందే?"

జానమ్మ గిన్నె తీసుకుని బావి దగ్గరికి పోయింది.

రూతమ్మ ఇంకో వారం ఊగిసలాడింది. చేత్తో వండిన తిండి చెడ్డదెలా అవుతుందని మనసుకు తోచేది. పొద్దున లేచి మోతి నడుము చూస్తే డాక్టరు మాటే నిజమనిపించేది. చివరికి హైదరాబాదులో ఉన్న మరిదికి ఉత్తరం రాసింది. అతను బస్సు మీద పెద్ద సంచి పంపాడు.

"రేపట్నుంచి మటన్ తేవొద్దు జానమ్మా. పొద్దున నేనే రెండు దోసిళ్లు పోసి బడికి పోత."

జానమ్మ సంచి మీద కుక్కబొమ్మను చూసింది.

"ఆదివారం ఒక్కనాడన్న వండుదామా మేడమ్?"

"రెండూ కలపొద్దన్నడు డాక్టరు."

"కొంచమే. పిడికెడు మాంసం."

"ఏమే, దాని మీద నీకింత పాణమేందే!" రూతమ్మ ఆమె భుజం తట్టింది. "తల్లి కూడా గింత బతిమిలాడదు."

నెల తిరిగేసరికి మోతి పక్కలు నిండాయి. బొచ్చు మెరిసింది. గేటు చప్పుడైతే అరుస్తూ ఉరుకుతోంది. ఆయన ఉన్నప్పుడు ఇట్లాగే ఉరికేది. రూతమ్మ గుండె మీది బరువు దిగింది.

జానమ్మే మారిపోయింది. మాట తగ్గింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. మోతి దగ్గరికొస్తే మొహం తిప్పుకుంటోంది. తన వంటను కాదన్నందుకు మనసు నొచ్చుకుందనుకుంది రూతమ్మ. పాపమనిపించి, పెట్టెలోంచి కొత్త చీర తీసి ఇచ్చింది. చీర చేతిలో పెట్టగానే జానమ్మ ఏడ్చింది.

"ఏడుస్తవేందే పిచ్చిదానా! కుక్క బాగైంది, అదే పదివేలు. జానయ్య మంచిగున్నడా?"

"పండుకునే ఉంటున్నడు మేడమ్."

"మందులు మింగుతున్నడా?"

"మింగుతున్నడు."

"మానొద్దని చెప్పు. మందులు మానకుంటే అన్నీ సర్దుకుంటయ్" అని రూతమ్మ గొడుగు తీసుకుని బడికి పోయింది.

తర్వాత వారం జానమ్మ పనికి రాలేదు. నాలుగో రోజు బడిలో అటెండర్ గాలయ్య చెప్పాడు, జానయ్య పోయాడని.

సాయంత్రం రూతమ్మ వెతుక్కుంటూ వాళ్ల వాడకు పోయింది. ఒంటిగది ఇల్లు. గోడకు ఆనుకుని జానమ్మ కూర్చుంది. టీచరును చూసి తల మోకాళ్ల మధ్య దాచుకుంది. మంచం మీద జానయ్య తల్లి నాగులమ్మ ఉంది. చూపు సరిగా ఆనదు.

"ఎవరొచ్చిండ్రే?"

"నేను, రూతమ్మ టీచర్‌ను అవ్వా."

ముసలామె గాలిలో తడుముకుంటూ ఆమె రెండు చేతులూ దొరకబుచ్చుకుని కళ్లకద్దుకుంది.

"అత్తా, నువ్వూకో!" జానమ్మ అదిరిపడి లేచింది. "ఏం మాట్లాడకు, నీ కాల్మొక్త."

నాగులమ్మ వినిపించుకోలేదు.

"నా కొడుక్కు రోజూ పంపే మటన్ బువ్వ ఎందుకు బంద్ జేస్తివి బిడ్డా?"