శుక్రవారం ప్రసాదం

ఈ రోజుల్లో అమర్చే కిడ్నీలు రోజూ ఆస్పత్రికి కబురు పంపుతాయి. షుగరున్న మనిషి నోరు కట్టుకోకపోతే కిడ్నీని తీసి మరొకరికి ఇచ్చేస్తారు.

కిడ్నీ అమర్చాక కోటిలింగం మూడేళ్లు నోరు కట్టుకున్నాడు. తర్వాత శుక్రవారం పూజయ్యాక భార్య భ్రమరాంబ కాస్త చక్రపొంగలి చేతిలో పెట్టడం మొదలుపెట్టింది.

"ప్రసాదం వద్దనకూడదండీ. దేవుడిది, ఏం చెయ్యదు."

అతను కళ్లకద్దుకుని తినేవాడు.

ఈ శుక్రవారం హారతి వేళకు ఆస్పత్రి నర్సు ఐసుపెట్టెతో వచ్చింది. వెనకే ముఖం ఉబ్బిన ఒక అమ్మాయి.

"సారుగారి కిడ్నీని ఈ అమ్మాయికి రాశారమ్మా. బండి కింద ఉంది," అంది నర్సు.

కోటిలింగం చొక్కా తొడుక్కున్నాడు. ఇంటికొచ్చిన ఆడపిల్లను వట్టిచేతులతో పంపలేక, భ్రమరాంబ ప్రసాదం గిన్నె అందించింది.

"నాకూ షుగరేనండీ," అంది ఆ అమ్మాయి. మళ్లీ తనే దోసిలి పట్టింది. "ప్రసాదం కదా, వద్దనకూడదు."